పాత అభ్రకం గనిలోకి వెళ్ళాలనుకునే కొత్తవారికి ఒక ఓవర్‌మెన్ జవాబు

అడిగిన ప్రశ్న ఇది: గూడూరు నుంచి సైదాపురం వైపు వెళ్ళే దారిలో చిట్టడవిలో మూతపడిన అభ్రకం గని ఒకటి ఉంది. గుట్ట వాలులో మనిషి నిలబడి నడవగలిగేంత సొరంగం లోపలికి పోతోంది. సంక్రాంతి సెలవుల్లో నలుగురు మిత్రులు కలిసి వెళ్ళి వీడియో తీయాలనుకుంటున్నారు. తలకు కట్టుకునే లైట్లు, నైలాన్ తాడు, బైకు హెల్మెట్లు సిద్ధంగా ఉన్నాయి. కొత్తవాళ్ళం కాబట్టి ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. లోపలికి వెళ్ళకండి. సొరంగం నోటి దగ్గరే ఆగిపోండి. గని బయట చూడవలసింది మీరు అనుకుంటున్నదానికన్నా చాలా ఎక్కువ ఉంది, దాని సంగతి కూడా రాస్తాను. నేను సింగరేణి భూగర్భ గనుల్లో ఓవర్‌మెన్‌గా (షిఫ్టు పనినీ భద్రతనూ చూసే ఉద్యోగి) చేసి రిటైరైనవాణ్ణి. ఆ తర్వాత కొంతకాలం సర్వే పనుల మీద మీ వైపు తిరిగాను. ఊరికే 'వద్దు' అని వదిలేస్తే మీ వయసువాళ్ళు వినరని తెలుసు, అందుకే ఎందుకు వద్దో కాస్త విడమరిచి చెబుతాను.

గని కూడా గుహలాంటిదేనని చాలామంది అనుకుంటారు. బొర్రా చూశాం, బెలుం గుహల్లో తిరిగాం, ఇదీ అంతే కదా అంటారు. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్ళు కరిగిస్తే గుహ ఏర్పడుతుంది. అందులో పడవలసిన రాయి చాలావరకు ఎప్పుడో పడిపోయి ఉంటుంది. గనిని మనిషి కొద్ది సంవత్సరాల్లో మందు పెట్టి పేల్చి తవ్వాడు. ప్రతి పేలుడూ పక్క రాతిలోకి కొత్త పగుళ్ళు తోసింది. అలాంటి చోటు నిలబడాలంటే రోజూ దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. షిఫ్టులో మేము మొదట చేసే పని బొగ్గు తీయడం కాదు, పొడవాటి కర్రతో కప్పును తట్టి వినడం. గట్టి రాయి ఖణేల్‌మంటుంది. లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది, కర్ర పట్టుకున్న చేతికి కూడా ఆ తేడా తెలుస్తుంది. డొల్లగా పలికిన రాయిని పక్కకు నిలబడి గడ్డపారతో దింపేస్తాం. దీన్ని డ్రెస్సింగ్ అంటాం. దిగని రాయికి కింద ఆధారం నిలబెడతాం. ఇదంతా చేస్తుండగా గాలికోసం ఫ్యాను, నీటికోసం పంపులు రాత్రింబవళ్ళు నడుస్తూ ఉంటాయి. గని మూసిన రోజున కర్ర, గడ్డపార, ఫ్యాను, పంపు అన్నీ ఆగిపోయాయి. మీరు చూసిన సొరంగంలో ఎవరూ కప్పు తట్టి చూడక కొన్ని దశాబ్దాలు అయి ఉంటుంది.

అభ్రకం గనుల్లో ఇంకో చిక్కుంది. అక్కడి అభ్రకం ఉన్న రాతి పాయలు చాలావరకు షిస్టు అనే పొరల రాతిలో ఉంటాయి. ఎండాకాలంలో గట్టిగా కనబడే ఈ రాయి వానాకాలంలో నీరు తాగి పొర పొరగా ఊడుతుంది. సంక్రాంతి అంటే మీ వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడప్పుడే వెళ్ళిపోయిన సమయం. కప్పు బాగా నానిన కాలాన్నే మీరు ముహూర్తంగా పెట్టుకున్నారు.

అయితే నేను ఎక్కువగా భయపడేది రాయికి కాదు, గాలికి.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. గనిలో మనుషులు పనిచేసే చోట అది 19 శాతానికి తగ్గకూడదని, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం మించకూడదని మన గనుల నిబంధనలు చెబుతాయి. ఇంచుమించు 16, 17 శాతం దగ్గర దీపం ఆరిపోతుంది. 10 శాతం కన్నా తగ్గితే మనిషి స్పృహ తప్పుతాడు. 6 శాతం దగ్గర కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. 'ఊపిరాడనట్టు అనిపిస్తే వెనక్కి వచ్చేస్తాం' అని మీరు రాశారు. అలా అనిపించదు, అసలు ప్రమాదం అదే. ఉక్కిరిబిక్కిరి అయ్యేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. కేవలం ఆక్సిజన్ తగ్గితే ముందుగా పోయేది ఆలోచన. మనిషి హుషారుగా మాట్లాడుతూనే ఉంటాడు, మోకాళ్ళు సడలి కూర్చుండిపోతాడు. వెనక్కి వెళ్ళాలని నిర్ణయించవలసిన బుర్రే ముందు పనిచేయడం మానేస్తుంది.

అభ్రకం గనిలో గ్యాసు ఉండదు, అది బొగ్గు గనుల్లోనే అని అక్కడి పెద్దలు మీతో చెప్పారట. సగం నిజం. బొగ్గు గనుల్లో పుట్టే మీథేన్ అభ్రకం గనుల్లో మామూలుగా ఉండదు. కానీ ఆక్సిజన్ పోవడానికి బొగ్గే అక్కర్లేదు. కుళ్ళుతున్న దుంగలు, గబ్బిలాల పెంట, తుప్పుపట్టే ఇనుము, కొన్ని ఖనిజాలు, నిలవనీరు అన్నీ కలిసి ఆక్సిజన్‌ను మెల్లగా తినేస్తాయి. గాలి ఆడని చివర్లలోనూ పల్లపు చోట్లలోనూ చెడ్డగాలి పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, అది పల్లాన్నే పట్టుకుని ఉంటుంది. ఇది మన రైతులకు తెలియని విషయం కాదు. ధాన్యం పాతర తీసిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. పాడుబడ్డ బావిలోకి మనిషికన్నా ముందు దీపం దించేవారు. పట్నంలో మురుగుకాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగినవారు చనిపోయారన్న వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. అక్కడ జరిగేదే ఇక్కడా జరుగుతుంది, మీ సొరంగానికి నిలబడి నడిచే ఎత్తు ఉంది, అంతే తేడా.

అయితే మేమూ దీపం పట్టుకువెళ్తాం అనకండి. మంట ఆరిందంటే గాలి అప్పటికే బాగా చెడిపోయిందని అర్థం. ఆరకపోయినంత మాత్రాన మంచి గాలి అని కాదు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ సంగతి దీపం చెప్పదు. లోపల ఎవరైనా మంట వేసి ఉంటే, లేదా పక్కన పేల్చి ఉంటే అది ఉండవచ్చు. పాత నీటిమడుగులో కాలు పెట్టి కలిపితే కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. అది ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన తెలియడమే ఆగిపోతుంది, మనవాళ్ళేమో వాసన పోయింది కదా అని ముందుకు నడుస్తారు. నాలుగు వాయువులు చూపే మీటర్లు దొరుకుతాయి. వాటిని కొనడం ఒక ఎత్తు, తరచూ సరిచూసుకుంటూ నమ్మదగ్గ స్థితిలో ఉంచడం ఇంకో ఎత్తు. పైగా మామూలు నాలుగు వాయువుల మీటరు కార్బన్ డయాక్సైడ్‌ను చూపదు, అది కొన్నవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇంకో మాట, ఇది పుస్తకాల్లో ఉన్నా బయట ఎవరూ చెప్పరు. గని కూడా ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. బయట వాతావరణ పీడనం పెరిగితే మంచి గాలి లోపలికి పోతుంది. పీడనం తగ్గితే లోపలి మూలల్లో మూలుగుతున్న గాలి నోటివైపు తోసుకొస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పిన రోజున ఆ సొరంగం ముఖద్వారం నిన్నటి ముఖద్వారం కాదు. 'పోయిన నెల మావాడు యాభై అడుగులు వెళ్ళి వచ్చాడు, ఏమీ కాలేదు' అన్నారు కదా, ఆ సాక్ష్యం ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది.

ఇక నీళ్ళు. లోపల చీలమండ లోతు నీరు నిలిచి, టార్చి వేస్తే అడుగున అభ్రకం తళతళ మెరుస్తూ ఉంటుంది. అదంతా ఒకే మట్టం అనుకుంటారు. అభ్రకం ఉన్న పాయ కిందికి దిగిన చోట గనివాళ్ళు సొరంగం నేలలోంచే బావి తవ్వి ఉంటారు. పంపు ఆగాక ఆ బావి నిండి, నీరు నేలమట్టానికి వచ్చి, మిగతా మడుగుతో కలిసిపోతుంది. పైన సన్నటి దుమ్ము తెట్టు కట్టి, అడుగు ఉన్నచోటూ లేనిచోటూ ఒకేలా కనబడతాయి. అభ్రకం గనిలో ఈ మోసం ఇంకా ఎక్కువ. గోడ, కప్పు, నేల అన్నీ మెరిసి వెలుతురును తిప్పి కొడుతుంటే ఏది దగ్గరో ఏది దూరమో కంటికి అందదు. నీరు లేని బావులూ ఉంటాయి. వాటిమీద ఎప్పుడో వేసిన చెక్కలు, చెక్కలమీద చేరిన మట్టి, చూపుకు మామూలు నేలే. చెమ్మలో దశాబ్దాలు ఉన్న దుంగ పైకి గట్టిగా కనబడుతుంది, పెన్నుమొనతో గుచ్చితే పుట్టకొక్కులా దిగిపోతుంది. ఆధారంగా నిలబెట్టిన దుంగలూ అంతే. వాటిని పట్టుకుని నిలబడినా, వాటికి తాడు కట్టినా సంగతులు అక్కడితో ఆఖరు.

పాత గనుల్లోని నీటిని రోజూ గనిలో పనిచేసేవారే తప్పించుకోలేకపోయారు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో పాత తవ్వకాల్లో నిలిచిన నీరు నడుస్తున్న గనిలోకి విరుచుకుపడి 375 మంది చనిపోయారు. 2018 డిసెంబరులో మేఘాలయలోని క్సాన్ దగ్గర ఎలుకబొరియ గనిలో (మనిషి పాకి పోయేంత సన్నటి కన్నాలతో తవ్వే గని) 15 మంది చిక్కుకుపోయిందీ వరదలా వచ్చిన నీటివల్లే.

తాడు, హెల్మెట్ గురించి అడిగారు. బైకు హెల్మెట్ దెబ్బకు కొంత ఆగుతుంది, కానీ చెవులు మూస్తుంది. కప్పు పడబోయేముందు ఒక్కోసారి సన్నటి పొడి రాలుతుంది, చిటపటమని ముల్లు విరిగినట్టు చప్పుడవుతుంది. మేము ప్రాణాలు దక్కించుకున్నది ఆ చప్పుడు వినే. నైలాన్ తాడు పదునైన పలుగురాతి అంచుమీద ఒరుసుకుంటే తెగడానికి ఎంతోసేపు పట్టదు. తెగకపోయినా, అరవై కిలోల మనిషిని బురద అంచు మీదుగా ముగ్గురు కుర్రాళ్ళు చేతులతో పైకి లాగలేరు. కావాలంటే మీ ఇంటి మేడమీద నీళ్ళ డ్రమ్ముతో ప్రయత్నించి చూడండి. కిందికి దించడం అందరికీ వచ్చు.

మందుగుండు గురించి ఒక్క మాటే: లోపలా దిబ్బలమీదా తీగలు అంటుకున్న చిన్న లోహపు గొట్టం కనబడితే అది డిటొనేటరు. పేలకుండా మిగిలిపోయిన మందు కన్నాలు రాతిలో ఉండవచ్చు. ముట్టుకోకండి, కాలితో తన్నకండి, జ్ఞాపకంగా జేబులో వేసుకోకండి. గుర్తు పెట్టి పోలీసులకు చెప్పండి.

మీరు అడగని ఒక ప్రమాదం గని బయటే ఉంది, కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది కూడా అక్కడే అనిపిస్తుంది. నిలువు బావుల అంచులు. చుట్టూ కట్టిన రాళ్ళు జారిపోయి, మట్టి లోపలికి కుంగి, అంచు గరాటులా తయారవుతుంది. పైన బలుసు, కలే పొదలు అల్లుకుంటాయి. పొద వేళ్ళ కింద మట్టి లేకపోయినా పైనుంచి గట్టి నేలలాగే ఉంటుంది. కంచె ఉండవలసిన చోట కంచె ఉండదు, ఇనుపముళ్ళ తీగను ఎవరో తూకానికి అమ్ముకుని ఉంటారు. పొదల మధ్య గుంత ఆనవాలు కనబడితే కనీసం పది మీటర్లు ఎడంగా ఉండండి. రాయి వేసి లోతు కొలుద్దామనే సరదా ఒకటి అందరికీ ఉంటుంది. చప్పుడు రావడానికి మూడు సెకన్లు పడితే సుమారు నలభై మీటర్ల లోతు, లెక్క సరే. ఆ లెక్క తెలుసుకోవడానికి అంచుమీదికి వంగాలి, అదీ చిక్కు. లెక్క నేను చెప్పేశాను కాబట్టి వంగే పని తప్పింది.

ఎలుగుబంట్లు, పాములు, తేనెటీగలు ఉంటాయి. వాటి గురించి మీ ఊరివాళ్ళు నాకన్నా బాగా చెబుతారు.

ఏదైనా జరిగితే ఎవరు వస్తారు? ఈ ప్రశ్న వేసుకోకుండా ఎవరూ నేలకింద అడుగు పెట్టకూడదు. బొగ్గు ప్రాంతాల్లో గనుల రెస్క్యూ స్టేషన్లు ఉన్నాయి. ముఖానికి తగిలించుకునే ఆక్సిజన్ పరికరంతో పొగలో నడవడం నేర్చినవారు అక్కడ ఉంటారు. గూడూరు చుట్టుపక్కల అలాంటిది లేదు. జాతీయ విపత్తు దళం బెటాలియన్ విజయవాడ దగ్గర ఉంది, వాళ్ళు బయలుదేరి రావడానికే గంటలు పడుతుంది. గాలి లేని చోట నిమిషాల లెక్క కదా. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. సైన్యం, విపత్తు దళం, సింగరేణి రెస్క్యూ బృందాలు, ఉత్తరకాశీ సొరంగంలో చిక్కుకున్నవారిని బయటికి తెచ్చిన ఎలుకబొరియ తవ్వకందారులు అందరూ దిగారు. నెల దాటేసరికి బయటికి తేగలిగింది రెండు మృతదేహాలను. అది మ్యాపులు, ఇంజనీర్లు, రోడ్డు, కరెంటు అన్నీ ఉన్న సొరంగం. మీ సొరంగానికి కొలతల పటమే లేదు.

మీ నలుగురిలో ఒకరు పడిపోతే మిగతా ముగ్గురూ పరుగెత్తుకు వెళ్తారు, అది స్నేహం. సెప్టిక్ ట్యాంకుల్లోనూ బావుల్లోనూ ఒకరి వెనక ఒకరు పోయేది అందుకే. నా మాట కాదని వెళ్ళి, అలాంటిది జరిగితే, బయట ఉన్నవాడు లోపలికి వెళ్ళకూడదు. 112కు ఫోను చేసి, లోపల చిక్కుకున్నారని, గాలి చెడిపోయి ఉండవచ్చని, శ్వాస పరికరాలు ఉన్న అగ్నిమాపక సిబ్బంది కావాలని చెప్పాలి. అక్కడ సిగ్నలు అందదని మీరే రాశారు. అంటే ఆ ఫోను చేయడానికి ఒకడు బైకు మీద రోడ్డుదాకా పోవాలి.

చట్టం సంగతి కొంచెం. ఆ గుట్టల్లో కొన్ని రిజర్వు అడవిలో ఉన్నాయి, కొన్ని లీజుల్లో ఉన్నాయి. పాడుబడింది అనుకున్న గుంతలో పలుగురాయి కోసం మళ్ళీ తవ్వకాలు మొదలై ఉండవచ్చు. అక్కడ పేలుళ్ళూ ఉంటాయి, కొత్తవాళ్ళను చూసి ఇష్టపడని మనుషులూ ఉంటారు. కెమెరా పట్టుకుని అనుమతి లేకుండా తిరిగితే మిమ్మల్ని విలేకరులనుకుంటారు, లేదా పోటీ తవ్వకందారులనుకుంటారు. రెండూ మంచివి కావు. ముందు గ్రామంలో, వీఆర్వో దగ్గర భూమి ఎవరిదో కనుక్కోండి. అడవి అయితే రేంజ్ కార్యాలయంలో అడగండి. సంచులకొద్దీ రాళ్ళు మోసుకురావద్దు, అనుమతి లేకుండా ఖనిజం తరలించడం 1957 నాటి గనుల చట్టం కింద నేరం.

ఇప్పుడు బయట చూడవలసినవి. గూడూరు నుంచి సంగం దాకా సుమారు వంద కిలోమీటర్ల పొడవున నెలవంకలా సాగే ఈ అభ్రకం పట్టీ మన దేశంలో పేరున్న మూడు పట్టీల్లో ఒకటి. మిగతావి బిహార్, జార్ఖండ్ వైపు ఒకటి, రాజస్థాన్‌లో ఒకటి. నెల్లూరు అభ్రకానికి లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. కరెంటు యంత్రాల్లో పొరల మధ్య పెట్టడానికి ప్రపంచమంతా దాన్ని కొన్న కాలం ఒకటి ఉంది. తర్వాత ప్రత్యామ్నాయాలు వచ్చి గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలిన చరిత్ర దిబ్బల్లో ఉంది. అంచు కూలని, బావికి దూరంగా ఉన్న దిబ్బ ఒకటి ఎంచుకుని, పైకి ఎక్కకుండా అడుగున తిరగండి. పాలలా తెల్లగా ఉన్నది పలుగురాయి. కొంచెం గులాబీ రంగులో నున్నటి ముఖాలతో విరిగేది ఫెల్డ్‌స్పార్. నల్లటి గీతల కడ్డీలు టూర్మలిన్, ఎర్రటి గింజలు గార్నెట్. దిబ్బలో తెల్లరాయి ఎక్కువగా ఉందంటే తవ్వినవాళ్ళు పెగ్మటైటు (అభ్రకం ఉండే పెద్ద గింజల రాతి పాయ) నడిబొడ్డుదాకా వెళ్ళారని లెక్క. అభ్రకం ఎక్కువగా దొరికేది దాని అంచుల్లో.

ఒక చిన్న అభ్రకం దిమ్మ దొరికితే గోటితో అంచు మీటండి, పుస్తకంలో కాగితంలా రేకు లేస్తుంది. వంచి వదిలితే తిరిగి చక్కగా నిలబడుతుంది. మొద్దుబారిన దబ్బనం మొన రేకుమీద ఆనించి చిన్న దెబ్బ వేయండి. ఆరు గీతల నక్షత్రం పగుళ్ళుగా పడుతుంది, ఎక్కడ కొట్టినా ఆరే. మీ వీడియోకు చీకటి సొరంగం కన్నా ఇది నయమని నా అభిప్రాయం. బరువుగా, నల్లగా, తారుముద్దలా మెరిసే రాయి కనబడితే మాత్రం ఇంటికి తేకండి. యురేనియం ఉండే సమర్‌స్కైట్ ఈ పట్టీలో దొరికింది.

గూడూరులో అభ్రకం చీల్చి, కత్తిరించి, సైజులు కట్టిన పాత పనివారు ఇంకా ఉంటారు. వాళ్ళ మనవలు మీ కాలేజీలోనే చదువుతుండవచ్చు. ఆ బావి ఎన్ని అడుగులు, నీరు ఎప్పుడు ముంచింది, ఏ వైపు కూలింది అనేవి వాళ్ళ నోటనే వస్తాయి. భారత భూవైజ్ఞానిక సర్వే వారి భూకోశ్ పోర్టల్‌లో ఆ ప్రాంతపు రాతి పటాలు చూడవచ్చు. ఉపగ్రహ చిత్రంలో చూస్తే తెల్లటి దిబ్బలు ఒకే వరుసలో పోతాయి, ఆ వరుసే రాతి పొరల దిశ.

నిజంగా నేలకిందికి వెళ్ళాలనే ఉంటే దారులు లేకపోలేదు. నాగపూర్ దగ్గర సావ్‌నేర్‌లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, మహారాష్ట్ర పర్యాటక సంస్థ కలిసి సందర్శకులను భూగర్భ గనిలోకి తీసుకువెళ్ళే యాత్ర పెట్టాయి. సింగరేణి ప్రాంతంలోనూ అలాంటి సందర్శన యాత్రలు నడిచాయి. ఇప్పుడు ఉన్నాయో లేవో ఫోను చేసి కనుక్కున్నాకే టికెట్లు కొనండి. కోలారు బంగారు గనులకు (కేజీఎఫ్) వెళ్ళేవారు బయటినుంచి చూడవలసిందే. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి, లోపలికి నీరు చేరింది. బ్రిటన్‌లో చదువుతున్న మనవాళ్ళు కొందరు ఇదే ప్రశ్న అడుగుతుంటారు. అక్కడ పాత గనుల్లో తిరగడం నేర్పే క్లబ్బులు, గుహల రెస్క్యూ బృందాలు ఉన్నాయి. క్లబ్బులో చేరకుండా ఒంటరిగా వెళ్ళకండి. వేల్స్‌లోని బిగ్ పిట్‌లో అయితే బొగ్గుగనిలో పనిచేసినవారే సందర్శకులను 90 మీటర్ల కిందికి లిఫ్టులో తీసుకువెళ్తారు. దిగేముందు ఫోను, వాచీ, బ్యాటరీ ఉన్న ప్రతిదీ పైనే తీసుకుంటారు, కాబట్టి అక్కడ కూడా మీ వీడియో కుదరదు.